పికాసోదని అమ్ముతున్న మట్టి పళ్లెం కొందామనుకుంటున్నా. వెనక ఆయన సంతకం లేదు, 42 సెంటీమీటర్లని చెప్పి 38ది చూపిస్తున్నారు. పళ్లెం నకిలీయేనా?

సంతకం లేనంత మాత్రాన నకిలీ కాదు. ఫ్రాన్స్‌లోని వలోరిస్‌లో ఉన్న మదూరా కుండల కార్ఖానా నుంచి 1947–1971 మధ్య వచ్చిన 633 రకాల పికాసో ఎడిషన్లలో (ఒక్కో నమూనాకు పలు ప్రతులుగా చేసినవాటిలో) చాలావాటికి పికాసో చేతి సంతకం ఉండదు, ముద్రలే. మీరు చెప్పిన కొలత తేడా ఉంది కదా, నాకు అసలు అనుమానం అక్కడ.

1. పళ్లెం బోర్లించిన ఫొటో అడగండి. "ఎడిసియోఁ పికాసో" (Edition Picasso) అని ఉంటే, ఆయన చేసిన మూలాన్ని చూసి పనివాళ్లు చేత్తో చేసిన ప్రతి. "ఆంప్రాంత్ ఒరిజినాల్" (Empreinte originale) అని ఉంటే, ఆయన చెక్కిన ప్లాస్టర్ అచ్చు మీద మట్టి నొక్కి చేసింది. రెండూ అసలువే.

2. చాలామంది వదిలేసేది కొలత. బొమ్మ కలిస్తే చాలనుకుంటారు. ఈ ఎడిషన్లన్నిటినీ నంబర్లవారీగా జాబితా చేసిన అలాన్ రామియే కేటలాగులో మీ పళ్లెం నంబరు తీసి కొలత, ప్రతుల సంఖ్య, ముద్ర మూడూ సరిచూడండి. చేతిపని కాబట్టి కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ మామూలే. కానీ అసలు పళ్లెం మీద అచ్చు తీసి దొంగ ప్రతి పోస్తే, మట్టి ఆరి, కాలేసరికి కుంచించుకుపోతుంది. అన్ని వైపులా ఒకే లెక్కన చిన్నదైతే వదిలేయండి, ధర ఎంత ఊరించినా సరే.

3. ముద్ర మీద టార్చి ఏటవాలుగా వేయించండి. పచ్చిమట్టిలో నొక్కిన ముద్ర అంచులు కాస్త మెత్తగా, ఉబ్బినట్టు కనిపిస్తాయి. కాలిన తర్వాత గీకింది పెచ్చులూడినట్టుంటుంది.

కొలత టేపు పెట్టి తీసిన ఫొటో ఇవ్వనంటే బయానా కట్టకండి.