పక్క క్వారీలో మోటారు, మా బావిలో ఇసుక: ఈ నీటిపై హక్కు ఎవరిది?

సందేహం: మాది ఏలూరు జిల్లా మెట్ట ప్రాంతం. మా ఆయిల్‌పామ్ తోటను ఆనుకుని ఉన్న పట్టా భూమిలో మూడేళ్లుగా గ్రావెల్ తవ్వుతున్నారు. గొయ్యి లోతయ్యాక నీరు ఊరుతోందని మోటారు పెట్టి రాత్రింబవళ్లు కాలువలోకి తోడేస్తున్నారు. నిరుడు వేసవిలో మా నేలబావి ఎండిపోయింది, బోరులో కూడా నీరు తగ్గింది. అడిగితే ‘మా భూమిలో నీళ్లు మావి, అనుమతులన్నీ ఉన్నాయి’ అంటున్నారు. ముప్పై ఏళ్లుగా వాడుకుంటున్న నీటిపై మాకు హక్కు లేదా? తవ్వకం ఆపించగలమా? నష్టపరిహారం వస్తుందా?
– ఒక రైతు

సమాధానం: మీకు నచ్చని మాటతోనే మొదలుపెట్టవలసి వస్తోంది. ‘మా భూమిలో నీళ్లు మావి’ అన్న మాటకు చట్టంలో ఆధారం లేకపోలేదు. నిర్దిష్టమైన ప్రవాహ మార్గం లేకుండా నేల అడుగున ఉన్న నీటిని తన హద్దుల్లో సేకరించుకుని వినియోగించుకునే హక్కు ప్రతి భూ యజమానికీ ఉందని 1882 నాటి భారత ఈజ్‌మెంట్స్ (అనుభవ హక్కుల) చట్టంలోని 7వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ చెబుతోంది. అటువంటి నీటిపై ఎన్నేళ్లు వాడుకున్నా అనుభవ హక్కు ఏర్పడదని అదే చట్టంలోని 17వ సెక్షన్ అంటోంది కనుక, మీ ముప్పై ఏళ్ల వాడుక ఒక్కటే మిమ్మల్ని గట్టెక్కించదు. బొగ్గు గనులు తవ్వినందువల్ల పక్కవాడి నూలు మిల్లు బావి ఇంకిపోయినా దావా చెల్లదని ఇంగ్లండులో 1843లో యాక్టన్ వర్సెస్ బ్లండెల్ కేసులో చెప్పిన సూత్రం కూడా ఇదే. అందువల్ల నీరు ఎవరి సొత్తు అన్న ప్రశ్నతో సివిల్ కోర్టుకు వెళ్లమని నేను సలహా ఇవ్వను.

మీ బలం ‘అనుమతులన్నీ ఉన్నాయి’ అన్న రెండో మాటలో ఉంది. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం గ్రావెల్ చిన్న తరహా ఖనిజం. పట్టా భూమిలోనైనా గనుల శాఖ నుంచి లీజు తీసుకోకుండా తవ్వి అమ్మకూడదు. దీపక్ కుమార్ వర్సెస్ హర్యానా రాష్ట్రం కేసులో 2012 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు తరువాత, అయిదు హెక్టార్ల లోపు క్వారీలకు కూడా పర్యావరణ అనుమతి తప్పనిసరి అయింది. తవ్వకం భూగర్భ జలమట్టాన్ని తాకరాదని, తాకవలసి వస్తే ముందుగా సంబంధిత శాఖల అనుమతి పొందాలని, చుట్టుపక్కల బావుల్లో నీటిమట్టాన్ని ఏడాదికి నాలుగుసార్లు కొలవాలని ఈ అనుమతుల్లో షరతులు పెట్టడం పరిపాటి. షరతులు పాటిస్తున్నట్లు ప్రతి ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదికలు కూడా సమర్పించాలి. ముందుగా పర్యావరణ అనుమతి ప్రతిని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్ నుంచి, లీజు ఒప్పందాన్నీ తవ్వకపు ప్రణాళికనూ సమాచార హక్కు దరఖాస్తు ద్వారా గనుల శాఖ నుంచి తెప్పించుకోండి. అందులో అనుమతించిన లోతు ఎంత, గొయ్యి ఇప్పుడు ఎంత లోతుంది అన్నది చూస్తే సగం కేసు తేలిపోతుంది.

అయితే క్వారీదారు తోడుతున్నది వాననీరేనని వాదిస్తారు. నేను చూసిన ఇటువంటి ప్రతి వివాదంలోనూ మొదటి జవాబు ఇదే. కాబట్టి వర్షాలు ఆగి నెలలు గడిచాక, అంటే ఏప్రిల్, మే నెలల్లో కూడా మోటారు నడుస్తున్నట్లు తేదీ, స్థలం తెలిసేలా వీడియో తీయండి. దాన్ని కోర్టులో దాఖలు చేసేటప్పుడు 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయవలసి ఉంటుంది.

‘మా భూమిలో నీళ్లు మావి’ అన్న పాత సూత్రానికి మన రాష్ట్రంలో కళ్లెం వేసినది 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం. ప్రభుత్వ తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బావి తవ్వకూడదని అది చెబుతుంది. గ్రావెల్ కోసం తవ్విన గొయ్యి బావి కాదని క్వారీదారు వాదించవచ్చు, ఆ వాదనను తేలిగ్గా తీసుకోకూడదు. కానీ దుమ్ము అణచడానికో మరే అవసరానికో అక్కడ బోరు వేసి ఉంటే ఆ వాదన నిలవదు. మీ ఊరి తాగునీటి బోరు ఆ దూరంలో ఉందేమో కొలిపించి, కలెక్టరుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. ఊరి తాగునీరే దెబ్బతింటే, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల కేసులో తాగునీటిని జీవించే హక్కుతో ముడిపెట్టిన సుప్రీంకోర్టు తీర్పు ఆధారంగా హైకోర్టులో రిట్ కూడా వేయవచ్చు.

ఇక పర్యావరణ వివాదాలను విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ సంగతి. మీకు చెన్నైలోని దక్షిణ బెంచి వర్తిస్తుంది. వాల్టా, గనుల చట్టం ఆ ట్రిబ్యునల్ పరిధిలోని చట్టాల జాబితాలో లేవు. అందువల్ల మీ దరఖాస్తును 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఇచ్చిన అనుమతి ఉల్లంఘనగా రూపొందించాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు. గడువు విషయంలోనూ జాగ్రత్త అవసరం: 2010 నాటి ట్రిబ్యునల్ చట్టం 14వ సెక్షన్ కింద వివాదకారణం తొలిసారి తలెత్తిన నాటి నుంచి ఆరు నెలలు, సరైన కారణం చూపితే మరో 60 రోజులు మాత్రమే ఉంటాయి. మీ బావి ఎండింది నిరుటి వేసవిలో కనుక, నష్టం రోజూ కొనసాగుతోందన్న వాదనపైనే ఆధారపడడం ప్రమాదకరం. 15వ సెక్షన్ కింద పరిహారం, పర్యావరణ పునరుద్ధరణ కోరడానికి అయిదేళ్ల గడువుంది. మీ ప్రధాన అభ్యర్థనను దీని కిందే పెట్టండి. విచారణ తేలేవరకు నీరు తోడడం ఆపాలని మధ్యంతర ఉత్తర్వు అడగండి. కలెక్టరు, కాలుష్య నియంత్రణ మండలి, భూగర్భ జల శాఖ అధికారులతో సంయుక్త తనిఖీ కూడా కోరండి. పరిహారం కోరేటప్పుడు ఫీజు కోరిన మొత్తంలో ఒక శాతం ఉంటుంది. అందుకే తోట దిగుబడి రసీదుల ప్రకారమే లెక్క కట్టండి, ఊహకు అందినంత వేయవద్దు.

క్వారీ వల్లనే మీ బావి ఎండిందని, చుట్టుపక్కల బోర్లు పెరిగినందువల్లనో వానలు తగ్గినందువల్లనో కాదని చూపించడమే ఈ కేసులో కష్టమైన భాగం. భూగర్భ జల శాఖకు మండలాల్లో పీజోమీటర్లు (నీటిమట్టం కొలిచే బోర్లు) ఉన్నాయి; మీకు దగ్గరలోని దాని గత కొన్నేళ్ల రీడింగులను సమాచార హక్కు కింద తీసుకోండి. మండలమంతటా మట్టం నిలకడగా ఉండి మీ బావి ఒక్కటే పడిపోతే ఆ తేడాయే మీ సాక్ష్యం. ఇప్పుడున్న మట్టాన్ని ఆ శాఖ సిబ్బంది చేత కొలిపించి కాగితం చేతికి వచ్చేవరకు, తోట ఎండుతోందన్న ఆత్రంలో బోరును లోతు చేయించడం గానీ కొత్త బోరు వేయించడం గానీ చేయకండి. కొత్త బోరుకు వాల్టా అనుమతి మీకూ అవసరమే.