డిఫెన్సివ్ లైన్‌నే నమ్ముకోవచ్చా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అబ్బాయి 11వ గ్రేడ్, స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో డిఫెన్సివ్ ట్యాకిల్ (ప్రత్యర్థి దాడిని ముందు వరస మధ్యలో నిలబడి అడ్డుకునేవాడు). స్టార్ కాకపోయినా టీములు మారుతూ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పదేళ్లు నెట్టుకురావచ్చంటున్నాడు. నిజమేనా? - ఒక తల్లి

జవాబు: అలా నెట్టుకొచ్చినవాళ్లు ఉన్నారండీ. ఏ దారిన వచ్చారో కూడా అబ్బాయికి తెలియాలి. డిఫెన్సివ్ ట్యాకిల్ టామ్ జాన్సన్‌ను 2006 డ్రాఫ్ట్‌లో (టీములు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) ఏడు రౌండ్లయినా ఎవరూ తీసుకోలేదు. ఇండియానాపొలిస్ కోల్ట్స్ జట్టులో నిలదొక్కుకోలేదు. యూరప్ లీగ్, అరీనా ఫుట్‌బాల్, కెనడాలో కాల్గరీ తిరిగి, న్యూ ఓర్లీన్స్ తరఫున ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్ ఆడేసరికి 2011 వచ్చింది. అప్పటికి 27 ఏళ్లు.

జీతం అంకె చూసి లెక్కలు వేసుకోకండి. 2025లో కొత్త ఆటగాడి కనీస జీతం 8,40,000 డాలర్లు. అయితే అది 18 వారాలూ 53 మంది జాబితాలో ఉంటేనే. ఆరు వారాలకు తీసేస్తే చేతికొచ్చేది 2,80,000. ప్రాక్టీస్ స్క్వాడ్‌లో (53 మందిలో లేకుండా సాధనకు ఉంచుకునే బృందం) అయితే వారానికి 13,000. ఇందులోనే పన్నులు, ఏజెంటు కమీషన్ (గరిష్ఠంగా 3 శాతం). ఆగస్టు చివర 90 మందిని 53కు కుదించినప్పుడు వేటు పడేది ఎక్కువగా ఇలాంటివాళ్లకే. కొత్త ఆటగాణ్ని వదిలేశాక వేరే టీము 24 గంటల్లో క్లెయిమ్ చేసుకుంటే కాదనే వీల్లేదు, పెట్టె సర్దుకోవాల్సిందే. ఇంటికి ఏడాది లీజు రాసి ఇరుక్కునేవాళ్లు ఎందరో!

అసలు గురి పెట్టాల్సింది పెన్షన్ హక్కుకు కావలసిన మూడు క్రెడిటెడ్ సీజన్లు. ఒక్కోదానికి కనీసం మూడు మ్యాచ్‌లు పూర్తి జీతంతో జాబితాలో ఉండాలి. గాయంతో రిజర్వులో ఉన్నా చెల్లుతుంది, ప్రాక్టీస్ స్క్వాడ్ వారాలు చెల్లవు.

సీజన్ మధ్యలో టీము నుంచి ఫోన్ ఎవరికి వస్తుంది? మ్యాచ్ రోజు 48 మందికే చోటు. సెంటర్‌కు (ప్రత్యర్థి వరస మధ్యలో బంతి అందించేవాడు) ఎదురుగా నిలబడే నోస్, గార్డ్ (సెంటర్ పక్కవాడు) బయటి భుజం దగ్గర నిలబడే 3-టెక్నిక్, రెండూ ఆడగలిగితే ఒక్కడే ఇద్దరి పని చేస్తాడు. ఎక్కువమంది దెబ్బతినేది డబుల్ టీమ్ దగ్గర. ఇద్దరు కలిసి నెట్టేటప్పుడు నడుం పైకి లేచిందా, కాళ్లు వెనక్కి జారిపోతాయి, ఆ సందులోంచి బంతి పట్టుకున్నవాడు దూసుకుపోతాడు. మోకాళ్లు వంచి, చేతులు ఎదుటివాడి ఛాతీ లోపలికి పెట్టి నిలబడటం ఇప్పుడే అలవాటు కావాలి. బరువు మాత్రం గబగబా పెంచకండి. బీపీ, నిద్రలో శ్వాస ఆగడం, మోకాళ్ల అరుగుదల ఈ స్థానంలో ఆడేవాళ్లకు తెలిసిన కష్టాలే.

ముందు కాలేజీ గట్టెక్కాలి. కాలేజీ ఆటల్లో పై అంచె అయిన డివిజన్-1కు హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ముఖ్య సబ్జెక్టులు), వాటిలో 2.3 జీపీఏ (గ్రేడ్ల సగటు) కావాలి. 12వ గ్రేడ్ మొదలయ్యేలోపు పది పూర్తవ్వాలి, అందులో ఏడు ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్‌లో. ఆ పదింటి మార్కులు తర్వాత మార్చుకోలేరు కాబట్టి కౌన్సెలర్‌ను కలిసి ట్రాన్స్‌క్రిప్ట్ ఈ వారమే చూసుకోండి. మేజర్ ఎంచుకునేటప్పుడు ఆటను పక్కన పెట్టండి. ఇరవై ఆరేళ్లకు క్లీట్లు విప్పాల్సి వచ్చినా ఉద్యోగం దొరికే చదువు కావాలి.

అబ్బాయి హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబ వీసా) మీద ఉంటే ఇంకో చిక్కు. 21 నిండితే ఆ హోదా పోతుంది, ఎఫ్-1కు (విద్యార్థి వీసా) మారాలి. ఎఫ్-1 మీద ఉండి ప్రకటనల డబ్బు ముట్టుకుంటే వీసాకే ముప్పు రావచ్చు, సంతకం చేసేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌కు చూపించండి.