ప్రాగ్ వీకెండ్: శనివారం కోట, ఆదివారం యూదుల పేట

మీరు అడిగింది ఇదీ: మే నెలలో ఒక శుక్రవారం ఆఫీసయ్యాక జర్మనీలోని డ్రెస్డెన్‌లో రైలెక్కి చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్ వెళ్లాలి, ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి. గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలు వెంట ఉంటారు. నాన్నగారికి మోకాళ్ల నొప్పి, అమ్మగారు శాకాహారి. రెండు రోజులు సరిపోతాయా, ఎలా ప్లాన్ చేసుకోవాలి?

సరిపోతాయండి. నేనూ డ్రెస్డెన్‌లోనే ఉంటాను. ఇండియా నుంచి ఎవరొచ్చినా వాళ్లను ఒకసారి ప్రాగ్ తిప్పుకు రావడం మా ఇంట్లో ఆనవాయితీ. అందుకే చెప్తున్నాను: ఏమేం చూడాలన్న లిస్టు ఎక్కడైనా దొరుకుతుంది, వీకెండ్‌కి వెళ్లేవాళ్లకు అసలు చిక్కు ఏది ఏ రోజు చూడాలన్నదే. శనివారం యూదుల సబ్బాతు (విశ్రాంతి దినం) కాబట్టి యూదు మ్యూజియం మొత్తం మూసేస్తారు. ఆదివారం పొద్దున కోటలోని సెయింట్ వైటస్ కేథడ్రల్‌లో ప్రార్థనలు జరుగుతాయి, చూడ్డానికి వచ్చేవాళ్లను మధ్యాహ్నం 12 దాకా లోపలికి రానివ్వరు. చాలామంది మొదటి రోజు ఊళ్లోనే తిరిగి, కోటను ఆదివారం పొద్దుటికి పెట్టుకుంటారు. దాంతో రెండు చోట్లా మూసిన తలుపులే చూసి వస్తారు. శనివారం కోట, ఆదివారం యూదుల పేట అని ముందు రాసి పెట్టుకోండి. మిగతావన్నీ వాటి చుట్టూ సర్దుకోవచ్చు.

రైలు సంగతి. డ్రెస్డెన్ నుంచి సుమారు రెండున్నర గంటలు. టికెట్ ధర జర్మన్ రైల్వే సైటులోనూ చెక్ రైల్వే సైటులోనూ చూడండి, చెక్ వాళ్ల దగ్గర చాలాసార్లు తక్కువకే వస్తుంది. వెళ్లేటప్పుడు ఎడమ పక్క కిటికీ సీట్లు తీసుకోండి. సరిహద్దు దాకా ఎల్బే నది, ఇసుకరాతి కొండలు ఆ పక్కనే కనిపిస్తాయి, మేలో సాయంత్రం వెలుతురు కూడా చాలాసేపు ఉంటుంది. ప్రాగ్‌లో మొదట హొలెషోవిత్సె అనే స్టేషన్ వస్తుంది. అక్కడ కంగారుపడి దిగొద్దు, మీది తర్వాత వచ్చే మెయిన్ స్టేషన్, హ్లావ్నీ నాద్రజీ. రాత్రి భోజనానికి అమ్మగారి చేత పులిహోర కలిపించి డబ్బాలో పెట్టుకుంటే, దిగాక హోటళ్ల కోసం వెతుక్కునే పని తప్పుతుంది.

బస పాత ఊరి నడిబొడ్డున వద్దు. శుక్ర, శనివారాల్లో అక్కడ తాగి అరిచే గుంపుల గోల అర్ధరాత్రి దాటినా తగ్గదు. వినోహ్రాదీ అనే పేటలో, 22వ నంబరు ట్రాము వెళ్లే వీధికి దగ్గరగా చూడండి. గదులు కాస్త చవక, వీధులు ప్రశాంతం. పైగా మీ నాన్నగారి మోకాళ్లను కాపాడేది ఆ ట్రామే.

ఎందుకంటే కోట కొండ మీద ఉంది. కింద నుంచి నడిచి వెళ్తే నిటారు వీధో, పాత మెట్ల దారో ఎక్కాలి. కుర్రాళ్లకే ఆయాసం వస్తుంది. 22 ఎక్కితే ప్రాజ్‌స్కీ హ్రాద్ అనే స్టాపులో దింపుతుంది, అక్కడి నుంచి కోట రెండో ప్రాంగణం దాకా దాదాపు చదును దారి. తిరిగి రావడానికీ అదే స్టాపుకు వచ్చేయండి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఎక్కడం కంటే దిగడమే కష్టం, మా అత్తగారితో వెళ్లినప్పుడు ఆ మెట్ల జోలికే పోలేదు. తెరిచే వేళకు వెళ్తే సెక్యూరిటీ దగ్గర క్యూ తక్కువ. ప్రాంగణాల్లో తిరగడానికి డబ్బు కట్టక్కర్లేదు, కేథడ్రల్, పాత రాజభవనం, గోల్డెన్ లేన్ లోపలికి వెళ్లడానికి మాత్రం టికెట్ కావాలి.

కేథడ్రల్ దగ్గర తొందరపడకండి. 1344లో మొదలుపెట్టిన కట్టడం 1929లో గానీ పూర్తి కాలేదు. తూర్పు వైపు 14వ శతాబ్దపు రాజు చార్లెస్ 4 కాలం నాటిది, మీరు లోపలికి వెళ్లే పడమటి ముఖం మాత్రం మన తాతల కాలం నాటిది. ఇది ముందే తెలిస్తే చూపు వేరుగా ఉంటుంది. ఎడమ పక్కన చెక్ చిత్రకారుడు ముఖా గీసిన రంగుల అద్దాల కిటికీ ఉంది, ఎండ పడే సమయంలో దాని ముందు నిలబడ్డవాళ్లు ఓ పట్టాన కదలరు. గోపురం మీదికి 287 మెట్లు. నాన్నగారిని కింద బెంచీ మీద కూర్చోబెట్టి మీరు ఎక్కి రండి. గోల్డెన్ లేన్‌లో చిన్న చిన్న రంగుల ఇళ్లు ఉంటాయి, 22వ నంబరు ఇంట్లో రచయిత కాఫ్కా కొంతకాలం రాసుకున్నాడు. బాగుంటుంది గానీ జనం కిక్కిరిసి ఉంటారు, ఓపిక లేకపోతే వదిలేయండి.

మధ్యాహ్నం భోజనం చేసి గదికి వెళ్లి ఒక కునుకు తీయండి. పెద్దవాళ్లతో తిరిగేటప్పుడు ఈ రెండు గంటలు వృథా అనుకోవద్దు, సాయంత్రం నడిపించేది ఆ కునుకే. సాయంత్రం వల్తావా నదిలో గంటసేపు తిప్పే పడవ ఎక్కితే, కాళ్లకు శ్రమ లేకుండా వంతెనలు, కోట అన్నీ కనిపిస్తాయి.

చార్లెస్ వంతెనకు మాత్రం ఆదివారం తెల్లవారుజామునే వెళ్లాలి. 1357లో పునాది వేసిన వంతెన ఇది, పొడవు అర కిలోమీటరు, అటూ ఇటూ 30 విగ్రహాలు. పొద్దున పది దాటితే మనుషుల తలలు తప్ప ఏమీ కనిపించవు. ఆరింటికల్లా వెళ్తే ఫోటోగ్రాఫర్లు, పెళ్లి బట్టల్లో ఫోటోలు దిగే జంటలు తప్ప ఎవరూ ఉండరు. అక్కడి నుంచి నడుచుకుంటూ పాత ఊరి కూడలికి రండి. 1410 నాటి ఖగోళ గడియారం అక్కడే ఉంది, ఇప్పటికీ పనిచేస్తోంది. గంట కొట్టినప్పుడు కిటికీల్లో యేసు శిష్యులైన అపొస్తలుల బొమ్మలు వరసగా తిరుగుతాయి, అస్థిపంజరం గంట లాగుతుంది, చివర్లో కోడి కూస్తుంది. నిమిషం లోపే అయిపోతుంది. నా మటుకు ఆ బొమ్మలాట కంటే గడియారం ముఖమే గొప్పది: సూర్యుడు, చంద్రుడు ఏ రాశిలో ఉన్నారో చూపిస్తుంది. పంచాంగం చూసే అలవాటున్న మా నాన్న దాని ముందు నుంచి కదల్లేదు.

తర్వాత యూదుల పేట. పింకాస్ సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) గోడల మీద నాజీల చేతుల్లో చనిపోయిన దాదాపు 80 వేల మంది చెక్ యూదుల పేర్లు చేత్తో రాసి ఉన్నాయి. ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ... గోడ తర్వాత గోడ. పైన తెరెజీన్ నిర్బంధ శిబిరంలోని పిల్లలు గీసిన బొమ్మలు పెట్టారు. పక్కనే పాత శ్మశానం. చోటు చాలక మట్టి పోసి ఒకరి పైన ఒకరిని పాతిపెట్టారు, అందుకే రాళ్లన్నీ ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. ఇక్కడ గంటన్నర అయినా పెట్టుకోండి. యూదుల పండగ రోజుల్లో కూడా మూసేస్తారు, మీ తేదీ ఒకసారి వాళ్ల సైటులో సరిచూసుకోండి.

మధ్యాహ్నం నుంచి విషెహ్రాద్. మెట్రో సి లైనులో అదే పేరున్న స్టేషన్‌లో దిగి పది నిమిషాలు నడిస్తే పాత కోటగోడ, నది మీదికి మంచి వ్యూ, ఖర్చు లేదు, రద్దీ లేదు. సంగీతకారులు ద్వొర్జాక్, స్మెతానా సమాధులు అక్కడి శ్మశానంలోనే ఉన్నాయి. అక్కడి నుంచి మెయిన్ స్టేషన్ అదే లైనులో మూడో స్టాపు, కాబట్టి సామాను పొద్దుటే స్టేషన్ లాకర్లో పెట్టేసి ఉంటే నేరుగా రైలెక్కేయొచ్చు.

అమ్మగారి తిండికి టెన్షన్ పడకండి. పప్పు, అన్నం, కూరలు తూకం లెక్కన అమ్మే శాకాహార ఇండియన్ ధాబాలు ఊళ్లో ఉన్నాయి. చెక్ వంటల్లో వేయించిన చీజ్, బంగాళదుంప అట్లు తినొచ్చు, అట్లలో కోడిగుడ్డు, ఒక్కోసారి మాంసం ముక్కలు పడతాయి కనుక అడిగి తీసుకోండి. పళ్లు లోపల పెట్టి ఉడికించిన క్నెద్లీకీ నీళ్లలో ఉడికిన పూర్ణం బూరెల్లా ఉంటాయి, వాటిలోనూ గుడ్డు ఉందేమో కనుక్కోవాలి. వీధివీధినా కనిపించే గొట్టం కేకు త్రెదెల్నిక్ పర్యాటకుల కోసం పుట్టిన మోజే, పిల్లలు లేకపోతే దాటేయొచ్చు.

డబ్బు: అక్కడ యూరో కాదు, కొరూనా. ఒక యూరోకు సుమారు 24, 25 వస్తాయి. దాదాపు అన్నిచోట్లా కార్డు నడుస్తుంది. ఏటీఎం గానీ కార్డు మెషీన్ గానీ యూరోల్లో మార్చమంటారా అని అడిగితే వద్దని కొరూనాలే ఎంచుకోండి. కమీషన్ లేదు అని బోర్డు పెట్టిన దుకాణాల్లో రేటు దారుణంగా ఉండొచ్చు. మా బంధువొకరికి అలాగే జరిగింది. చెక్ చట్టం ప్రకారం 1000 యూరోల లోపు మారకాన్ని 3 గంటల్లోగా వెనక్కి ఇచ్చి రద్దు చేసుకోవచ్చు, రసీదు పారేయకండి. ఇక కాగితం ట్రాము టికెట్‌ను మొదటిసారి ఎక్కినప్పుడు పసుపు పెట్టెలో స్టాంపు వేయించాలి. వేయకపోతే టికెట్ చేతిలో ఉన్నా ఫైనే, తనిఖీవాళ్లు మామూలు బట్టల్లో ఉంటారు.

కుట్నా హోరా, చెస్కీ క్రుమ్లోవ్ అనే ఊళ్లు కూడా కలుపుకోమని ఎవరైనా అంటే వినొద్దు, ఈ రెండు రోజుల్లో ఇమడవు. రాళ్లు పరిచిన వీధులు కాబట్టి నాన్నగారికి మెత్తటి అడుగున్న బూట్లు వేయించండి. అమ్మానాన్నలది జర్మనీ ఇచ్చిన షెంజెన్ వీసా అయితే చెక్ రిపబ్లిక్‌కూ చెల్లుతుంది, సింగిల్ ఎంట్రీ అయినా ఫర్వాలేదు. మీ రెసిడెన్స్ కార్డుతో పాటు పాస్‌పోర్టు కూడా ఉండాలి. తిరుగు రైల్లో సరిహద్దు దాటాక జర్మన్ పోలీసులు ఎక్కి అందరివీ అడగొచ్చు, మీ అందరి కాగితాలూ చేతి సంచిలోనే ఉంచుకోండి.