బుజ్జిదాని బడి గురించి

అమ్మలూ,

బుజ్జిది నాలుగేళ్లకే బస్సుల మీద బోర్డులు చదివేస్తోందని మీ నాన్న ఫోన్లో చెబుతుంటే నాకు కడుపు నిండిపోయింది. ఎల్‌కేజీ, యూకేజీ ఎందుకు, నేరుగా ఒకటో తరగతిలో వేసేద్దామని మీరిద్దరూ అనుకుంటున్నారని కూడా అన్నాడు. ఇక ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

బడి ఇంటికి దగ్గరగా ఉండాలి, బాత్రూములు శుభ్రంగా ఉండాలి. అవి నువ్వే చూసుకుంటావు.

మీ నాన్న సంగతి నీకు తెలియదు. అయిదేళ్లకే పేపరు గడగడా చదివేవాడు. మీ తాతయ్య మురిసిపోయి, హెడ్మాస్టారితో మాట్లాడి, ఏకంగా మూడో తరగతిలో కూర్చోబెట్టారు. చదువుకేం, ఎక్కాలు అందరికంటే ముందే అప్పజెప్పేవాడు. కానీ వేళ్లకి బలం రావాలి కదా! వాడు సగం దించుకునేలోపే మాస్టారు బోర్డు తుడిచేసేవారు. నిక్కరు బొత్తాం ఊడితే పెట్టుకోవడం రాక, అడగడానికి సిగ్గేసి, చేత్తో పట్టుకుని నిలబడేవాడు. కబడ్డీలో వాడెప్పుడూ ఆటలో అరటిపండే. నేను అయిదో తరగతి. ఇంటర్వెల్లో వెళ్లి చూస్తే తుమ్మచెట్టు కింద ఒక్కడే పుస్తకం పట్టుకుని ఉండేవాడు. ‘ఎంత బుద్ధిమంతుడో’ అనేవారు మాస్టార్లు. అది బెంగ అని నాకు తెలుసు. రెండేళ్లు తిరిగేసరికి క్లాసులో ప్రశ్నలడగడమే మానేశాడు. పెద్దయ్యాక కూడా మీ తాతయ్య ‘తొందరపడ్డానే’ అని నా దగ్గర బాధపడేవారు.

అలాగని, వచ్చిన అక్షరాలే మళ్లీ నెలల తరబడి దిద్దించే చోటా వెయ్యకు. విసుగొస్తే అల్లరి చేస్తుంది, లేదా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది. ప్రిన్సిపాల్‌ని కాదు, క్లాసు టీచర్నే అడుగు: ‘చదవడం వచ్చేసిన పిల్లకి మీరేం పని ఇస్తారు?’ అని. ‘పై క్లాసులో కూర్చోబెడతాం’ అంటే లేచి వచ్చెయ్. ‘కథల పుస్తకాలిస్తాను, ఆటలకి మాత్రం తోటివాళ్లతోనే పంపిస్తాను’ అంటే ఆవిడ్ని నమ్ము. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అంది, ఒకటో తరగతి ఆరేళ్లు నిండాకే.

మాంటిస్సోరి బడి దొరికితే మంచిదే. ఆ పద్ధతి పెట్టిన మారియా మాంటిస్సోరి 1939లోనే మద్రాసు అడయారు వచ్చి టీచర్లకి శిక్షణ ఇచ్చారు. నిజంగా ఆ పద్ధతి పాటించే చోట మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఒకే గదిలో ఉంటారు, ఎవరి పని వాళ్లు ఎంచుకుంటారు. బయట బోర్డు చూసి మోసపోకు. ఆ పద్ధతిలో పిల్లలు పేర్చి నేర్చుకునే గులాబీరంగు చెక్కదిమ్మలు అద్దాల బీరువాలో తాళం వేసి ఉన్నాయా, పిల్లల చేతుల్లో ఉన్నాయా చూడు. పిల్లకి ఎంట్రన్స్ టెస్ట్ అంటే మాత్రం ఒప్పుకోవద్దు, 2009 విద్యాహక్కు చట్టం ఒకటో తరగతి అడ్మిషన్‌కే పరీక్షలు వద్దంది.

ఇంకోటి. చుట్టాలొచ్చినప్పుడల్లా దాన్ని నిలబెట్టి చదివించడం ఆపు. పోయినసారి నా ఒళ్లో తల దాచుకుంది, నువ్వు చూడలేదు. నిన్ను తిట్టాలని కాదమ్మా, నువ్వూ దాని వయసులో అలాగే దాక్కునేదానివి.

సంక్రాంతికి వస్తున్నాను. బడులు చూడ్డానికి నన్నూ తీసుకెళ్లు. ఫీజు మాత్రం అప్పటిదాకా ఎక్కడా కట్టొద్దు.

మీ పెద్దత్త