పెద్ద బండి కొంటే తీరే ఇబ్బంది కాదమ్మా ఇది

కూకట్‌పల్లి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. ఆమెకు 61 ఏళ్లు, భర్తకు 66. కొడుకు 2022లో అమెరికాకు వెళ్తూ, తాను పెంచుకుంటున్న సింబా, బ్రూనో అనే రెండు కుక్కలను, ఒకటి లాబ్రడార్, ఒకటి జర్మన్ షెపర్డ్, "ఒక్క ఏడాది చూసుకోమ్మా" అని వీరికి అప్పగించాడు. వచ్చే మాఘమాసంలో కోనసీమలో ఆమె తమ్ముడి కూతురి పెళ్లి. కూతురు, మనవడితో కలిపి మనుషులు నలుగురు, కుక్కలు రెండు, ఆపైన పెళ్లి సామాను. ఇంట్లో ఉన్నది ఐదు సీట్ల చిన్న ఎస్‌యూవీ. డౌన్ పేమెంట్ తాను పంపుతానని, ఏడు సీట్ల బండి కొనుక్కోమని కొడుకు అంటున్నాడట. ఏ బండి తీసుకుంటే కుక్కలూ సామానూ ఇరుకు లేకుండా పడతాయి, లోపల ఎలా సర్దుకోవాలి అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. డిక్కీ లోతు, వెడల్పు, మూడో వరుస మడిస్తే మిగిలే చోటు, బ్రోషర్లలో వేసిన లీటర్లు, అన్నీ కలిపి పద్నాలుగు పంక్తులు రాశారు. వాటి నడుమ ఎక్కడో, "పోయిన ఏడు సింబా పిల్లిని చూసి లాగితే మావారు పడి మణికట్టు విరిగింది, ఇప్పుడు బాగానే ఉంది లెండి" అని ఒక్క పంక్తి ఉంది. "రెండేళ్లుగా మా నాన్నగారి తద్దినానికి వెళ్లలేకపోయాను, వీటిని ఎవరి మీద వదలను" అని ఇంకో పంక్తి. నా చూపు ఆ రెండు పంక్తుల దగ్గరే ఆగిపోయింది. అయినా అడిగినదానికి ముందు జవాబు చెప్పడం మర్యాద కనుక చెబుతాను. నేను కుక్కలను పెంచినదాన్ని కాను. మా మేనకోడలు పశువైద్యురాలు, ఆమెను కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్న సంగతులివి.

కుక్క లీటర్లలో పడుకోదు. టొయోటా వారి ఇన్నోవా హైక్రాస్‌లో మూడో వరుస నిలబెట్టి ఉంచితే డిక్కీ 300 లీటర్లు, మడిస్తే 991 లీటర్లు అని కంపెనీ చెబుతుంది కానీ, ముప్పై అయిదు కిలోల జంతువు కాళ్లు చాపుకుని పడుకోవాలన్నా, లేచి అటు నుంచి ఇటు తిరగాలన్నా కావలసింది నేల కొలత. కాబట్టి బ్రోషరు పక్కన పెట్టి, కుట్టుమిషను సొరుగులోని టేపు తీసి, ముందు సింబాను ముక్కు నుంచి తోక మొదలు దాకా, నేల నుంచి చెవుల కొస దాకా కొలవండి. ఆ తరువాత బండి డిక్కీలో రెండు చక్రాల గూళ్ల మధ్య వెడల్పు కొలవండి. అక్కడే ఇరుకు వస్తుంది. ఇన్నోవా క్రిస్టా వంటి బండిలో మూడో వరుస సీట్లు నేలలోకి మడవబడవు, పక్కలకు లేచి వేలాడతాయి, అందువల్ల ఆ వెడల్పు ఇంకా తగ్గుతుంది. ఇంకొక సంగతి కూడా చూడాలి. ఏడు సీట్ల బండ్లలో చాలావాటికి వెనుక వరుసకు కూడా చల్లగాలి వచ్చే కంతలు ఉంటాయి. ఐదు సీట్ల బండిలో డిక్కీ దాకా గాలి సరిగా చేరదు. ఒంటికి చెమట పట్టని జంతువుకు, నాలుక బయటపెట్టి రొప్పడం తప్ప ఒళ్లు చల్లబరచుకునే దారి పెద్దగా లేని జంతువుకు, ఆ గాలి ప్రాణంతో సమానం.

సర్దుకోవడం ఇలాగ. ముందు ఇద్దరు, నడిమి వరుసలో ఇద్దరు మనుషులు, మూడో వరుస మడిచి అక్కడ కుక్కలు. నడిమి వరుస వెనుక గట్టి ఇనుప జాలీ బిగించాలి, లేదా ఛాతీకి కట్టే పట్టీ తొడిగి దాన్ని బండి నేలలోని కొక్కేలకు కట్టాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి దేనికైనా గుద్దుకుని ఆగిపోతే, లోపల కట్టు లేకుండా ఉన్న కుక్క దాదాపు మూడంతస్తుల ఎత్తు నుంచి పడినంత వేగంతో ముందుకు వచ్చి పడుతుంది, అదీ మీ మనవడి మెడ మీద. సూట్‌కేసులను వాటి పక్కన పేర్చకండి. నడిమి వరుసలో మూడో సీటు ఉంటే గట్టివాటిని అందులో పెట్టి బెల్టు బిగించండి, బట్టల మూటలు కాళ్ల దగ్గర సర్దండి, తేలికవి పైన క్యారియర్ మీద వేయండి. ఆ క్యారియర్ ఎంత బరువు మోస్తుందో బండి పుస్తకంలో ఉంటుంది, క్యారియర్ బరువు కూడా అందులో కలిసే ఉంటుంది. ప్లాస్టిక్ నేల మీద గోళ్లు జారి కుక్క దారంతా తూలుతూ ఉంటుంది, రబ్బరు పట్టా పరిచి పైన పాత బొంత వేయండి. బయలుదేరే ముందు మూడు నాలుగు గంటలు తిండి పెట్టకండి. రెండు మూడు గంటలకొకసారి ఆపండి. డిక్కీ తలుపు ఎత్తేలోపే గొలుసు ఎవరి చేతిలోనైనా ఉండాలి, లేకపోతే సూర్యాపేట దగ్గర హైవే మీదికి అది దూకిన తరువాత పిలిచి లాభం లేదు. టీ తాగి వస్తామని బండిలో వదిలి వెళ్లకండి. ఎండలో ఆపిన బండిలో పది నిమిషాల్లోనే సుమారు పది డిగ్రీల వేడి పెరుగుతుంది. సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు దగ్గర బండ్లు ఎలా ఆగిపోతాయో మీకు నేను చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో మాత్రం వీటితో ప్రయాణం పెట్టుకోకండి.

ఇంత చెప్పాను కనుక ఇక ఉన్నమాట చెబుతాను. ఈ పెళ్లికి కుక్కలు వెళ్లకూడదు. "కుక్కలతోనే వస్తారా వదినగారూ?" అని మీ మరదలు అడిగినందుకు మీరు చిన్నబుచ్చుకున్నారు. ఆడపడుచును అలా అడగవచ్చా అని రాశారు. ఎందుకు అడగకూడదు? పందిరి వేసిన ఇల్లు, వంటల పొయ్యిలు, వచ్చేపోయే పసిపిల్లలు, డోలు సన్నాయి, ఊరేగింపులో బాణసంచా. ఆ గోలలో మీ సింబా బెదిరి ఎవరినైనా పట్టుకుంటే ఆ మాట మీ తమ్ముడు జీవితాంతం మోయాలి. ఆమె ఆ ఇంటి ఇల్లాలు, అడగవలసినదే అడిగింది. నలభై ఏళ్లుగా ఆడపడుచు మర్యాద అందుకుంటున్న మీరు ఈసారి ఆమె పక్షాన ఆలోచించండి.

బండి కూడా కొనకండి. ఏడాదికి ఒకటి రెండు ప్రయాణాల కోసం అప్పు తెచ్చుకోవడం ఎందుకన్నది ఒక కారణం. వీటిని ఎప్పుడైనా ఎక్కడికైనా తీసుకెళ్లవలసి వస్తే, కుక్కలు ఉన్నాయని ముందే చెప్పి ఏడు సీట్ల బండి అద్దెకు మాట్లాడుకోవచ్చు. అసలు కారణం వేరే ఉంది. పెద్ద బండికి డిక్కీ గడప కూడా ఎత్తే. లాబ్రడార్లకు, జర్మన్ షెపర్డ్‌లకు తుంటి కీళ్ల జబ్బు తరచుగా వస్తుంది, మీ రెండూ ఏడేళ్ల వయసుకు చేరాయి. ఇంకొక ఏడాదికో రెండేళ్లకో అవి అంత ఎత్తుకు ఎగరలేవు. అప్పుడు ముప్పై అయిదు కిలోల సింబాను ఎత్తి లోపల పెట్టేది ఎవరు? మణికట్టు విరిగి అతికిన మీవారా, మీరా? మీరు పద్నాలుగు పంక్తులు రాసిన ప్రశ్నలో ఈ ఎత్తే మనిషి ఎక్కడా లేడు. అమెరికాలో ఉన్న మనిషి డబ్బు పంపగలడు కానీ డిక్కీ దగ్గర నిలబడి నడుము వంచలేడు.

నాకు కనిపిస్తున్న చిక్కు మీకూ మీ అబ్బాయికీ మధ్య ఉంది. అతన్ని చెడ్డవాడని నేను అనను. ఒక్క ఏడాది అన్నాడు, అప్పుడు ఆ మాట నమ్మే అని ఉంటాడు. ఆ ఏడాది గడిచాక మీరు అడగలేదు, తాను చెప్పలేదు. ఇద్దరూ అడగని ప్రశ్నను ఇప్పుడు ఒక బండి కొని కప్పేయబోతున్నారు. ఆదివారం ఫోన్ చేయగానే "బ్రూనో ఏదమ్మా, కెమెరా అటు తిప్పు" అంటాడనీ, ఇరవై నిమిషాలు వాటితో మాట్లాడి "సరేనమ్మా, ఉంటా" అని పెట్టేస్తాడనీ మీరే రాశారు, రాసి పక్కనే "వాడికి మూగజీవాలంటే అంత ప్రేమ" అని చేర్చారు. ఆ ఇరవై నిమిషాలు ఫోన్ పట్టుకుని నిలబడిన చెయ్యి మీది. దాని నొప్పి మీరు రాయలేదు.

నేను అనుకుంటున్నది పచ్చిగా చెబుతున్నాను, తప్పయితే మన్నించండి. ఈ కుక్కలు మీకు బరువైనా వదిలించుకోవడం మీకు ఇష్టం లేదు. అవి ఇంట్లో ఉన్నంతకాలం అబ్బాయి తిరిగి వస్తాడనీ, అవి వెళ్లిపోతే ఆదివారం ఫోన్ కూడా ఆగిపోతుందనీ మీ మనసులో ఒక భయం ఉంది. వాటిని మీరు తాకట్టు వస్తువుల్లా దాచుకున్నారు. ఆ తాకట్టుకు వడ్డీ కడుతున్నది మీవారి మణికట్టు, మీ నాన్నగారి తద్దినం, గడప దగ్గర కుర్చీ వేసుకుని "పెద్దది ఎప్పుడొస్తుందిరా?" అని మీ తమ్ముణ్ని అడుగుతున్న ఎనభై నాలుగేళ్ల మీ అమ్మగారు. తల్లిదండ్రులకు పిల్లలు చేయవలసినవి ఉంటాయని, అవి చేయడం లేదని తెలిసినప్పుడు పెద్దవాళ్లు నోరు తెరిచి చెప్పాలని నమ్మే మనిషిని నేను. "వాళ్లకు అక్కడ ఎన్ని కష్టాలో" అని మనం మింగి ఊరుకుంటే, మనకు ఇక్కడ కష్టమే లేదని వాళ్లు అనుకుంటారు. వాళ్ల తప్పు అందులో సగమే.

అందుకని మీవారు పక్కన ఉండగా మీ అబ్బాయితో మాట్లాడండి, మెసేజ్ పెట్టకండి. నాన్న పడిన సంగతి పూర్తిగా చెప్పండి. కట్టు ఎన్ని వారాలు ఉంది, ఆ రోజుల్లో వీటిని బయటికి ఎవరు తిప్పారు, అన్నం ఎవరు కలిపి పెట్టారు, అన్నీ చెప్పండి. అప్పట్లో "చిన్న దెబ్బేరా" అని దాచి ఉంటారు మీరు. ఆ తరువాత, ఈ రెండింటినీ ఏం చేద్దామనుకుంటున్నావు, ఎప్పటికి చేస్తావు అని తారీఖుతో సహా అడగండి.

దగ్గరికి తీసుకెళ్తానంటే అతని కుక్కలు కనుక ఆ తిప్పలు అతనివే. తేలికేమీ కాదు. అమెరికాలో 2024 ఆగస్టు 1 నుంచి అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ నిబంధనలు మారాయి, కుక్కల రేబిస్ ముప్పు ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో మన దేశం ఉంది. చర్మం కింద గుర్తింపు మైక్రోచిప్ వేయించాలి, రేబిస్ టీకా పత్రాలు ఉండాలి, సీడీసీ ఆమోదించిన లాబొరేటరీలో రక్తపరీక్ష చేయించాలి, అక్కడ దిగే విమానాశ్రయంలో జంతువుల కేంద్రంలో ముందే చోటు రిజర్వు చేసుకోవాలి. ఆ రక్తపరీక్ష ఫలితం లేకుండా వెళ్తే 28 రోజులు క్వారంటైన్‌లో ఉంచుతారు. అక్కడి అద్దె ఇళ్లలో చాలాచోట్ల పెద్ద జాతి కుక్కలను ఒప్పుకోరు కూడా. ఇవన్నీ కనుక్కుని, ఖర్చు పెట్టి, సెలవు పెట్టుకుని వచ్చి తీసుకెళ్లవలసింది అతను. తీసుకెళ్లలేనంటే, కొనే బండికి పంపుతానన్న డబ్బుతో రోజుకు రెండు పూటలా వచ్చి వీటిని తిప్పి, కడిగి, తిండి పెట్టే మనిషిని నెల జీతానికి పెట్టమనండి. మీరు ఊరికి వెళ్లినప్పుడు వీటిని ఉంచడానికి నమ్మకమైన కుక్కల బోర్డింగును తన కూతురి బడిని వెతికినంత శ్రద్ధగా అతనే వెతికి, ఆ డబ్బు అతనే కట్టాలి. మీ ఊళ్లో ఎవరికో ఇచ్చేయమంటే మాత్రం ఒప్పుకోకండి. నమ్మి ఇంట్లో పెరిగిన ప్రాణిని ముసలితనంలో గడప దాటించడం నాకు సమ్మతం కాదు, మీ ఉత్తరం చూస్తే మీకూ కాదు.

"బ్రూనో మేము లేకపోతే రెండు రోజులు అన్నం ముట్టదు" అని రాశారు. పెళ్లికి ముందే ఒకసారి ఒక్క రాత్రికి, మరోసారి రెండు రాత్రులకు బోర్డింగులో ఉంచి చూడండి, దాని పాత బొంతను వెంట పంపండి. టీకాలన్నీ పూర్తయ్యాయో లేదో ముందే చూసుకోండి. మూడోసారికి అది తింటుందని మా మేనకోడలు అంటోంది.

అమ్మగారి దగ్గరికి వెళ్లడానికి మాత్రం పెళ్లి దాకా ఆగకండి. ఈ నెలలోనే ఒక శుక్రవారం మీ అమ్మాయిని ఇంటికి పిలిచి నాన్నకు తోడుగా ఉంచి, కుక్కలను ఆ రెండు రోజులూ వీధిలోకి తీసుకెళ్లకుండా మేడ మీదే తిప్పమని చెప్పి, రాత్రి బస్సు ఎక్కండి. తెల్లవారేసరికి రావులపాలెంలో ఉంటారు, తమ్ముణ్ని స్కూటర్ తీసుకుని రమ్మనండి. ఒక్క చేతిసంచి చాలు.