జెల్ నడక గురించి రాసేటప్పుడు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి వాక్యంలోనే "ప్రాణం పోసుకున్న జెల్" అన్నావు, నాకు అక్కడే అడ్డు తగిలింది. ప్రాణం అనేశాక ఇక అడగడానికి ఏం మిగిలింది? మోటారు లేదు, బ్యాటరీ లేదు, వైరు లేదు, మరి ఈ మెత్తటి ముక్క ఎలా కదులుతోందని చదివేవాళ్లకు అనిపించాలి కదా.

జవాబేమో నాలుగో పేరాలో దాచేశావు. 1996లో జపాన్‌లో ర్యో యోషిదా బృందం నీళ్లు పీల్చే పాలిమర్ గొలుసులకే రుథీనియం అనే లోహపు ఉత్ప్రేరకాన్ని, అంటే రసాయన చర్యను నడిపించే పదార్థాన్ని, అతికించింది, అసలు కిటుకు అదే. ఆ జెల్‌ని మలోనిక్ ఆమ్లం, బ్రోమేట్, నైట్రిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో వేస్తే రుథీనియం ఆక్సీకరణం చెందినప్పుడు (ఎలక్ట్రాన్ పోగొట్టుకున్నప్పుడు) జెల్ ఉబ్బుతుంది, క్షయకరణం చెందినప్పుడు (ఎలక్ట్రాన్ తిరిగి అందుకున్నప్పుడు) ముడుచుకుంటుంది, ద్రావణంలో సరుకు అయిపోయేదాకా ఎవరూ మీట నొక్కకుండానే ఇలా సాగుతుంది. నానబెట్టిన సబ్జా గింజలు ఉబ్బడం అందరం చూశాం. అవే గిన్నెలోనే తిరిగి ముడుచుకుని, మళ్లీ ఉబ్బుతుంటే ఎలా ఉంటుందో ఊహించమని చెప్పు. ముక్క పొడవుగా ఉంటే ఆ ఉబ్బు ఒక చివర నుంచి ఇంకో చివరకు పాకుతుంది, అచ్చం వానపాము ఒళ్లు కదిలినట్టు.

బెలౌసోవ్‌ని ఒక్క వాక్యంలో తేల్చేశావు, అది మాత్రం నాకు బాధనిపించింది. జెల్‌ని ఇలా ఉబ్బించి ముడిచేది అటూ ఇటూ ఊగిసలాడే ఒక రసాయన చర్య, దాన్ని సోవియట్ యూనియన్‌లో 1950ల్లో ముందు గమనించింది ఆయనే. రసాయన చర్య ఇలా ఊగిసలాడటం అసాధ్యమని ఆయన పరిశోధనా పత్రాన్ని పత్రికలవాళ్లు తిప్పి పంపారు, చివరికి 1959లో ఎవరూ పెద్దగా చూడని ఒక సంకలనంలో వచ్చింది. జబోటిన్‌స్కీ అనే ఇంకో శాస్త్రవేత్త ఆ పనిని అందుకుని ముందుకు తీసుకెళ్లాడు. 1980లో ఈ పనికి సోవియట్ ప్రభుత్వం లెనిన్ బహుమతి ఇచ్చేసరికి బెలౌసోవ్ పోయి పదేళ్లయింది. ఆయనకు ఒక పేరా ఇవ్వు.

"పరుగెత్తే రోబో" కొట్టెయ్. 2007లో రంపపు పళ్ల లాంటి పలక మీద నడిచిన జెల్ పట్టీ నిమిషానికి మిల్లీమీటరులో ఐదో వంతు కూడా కదల్లేదు. అంత నెమ్మదని రాయడానికి ఎందుకు టెన్షన్? ఆ నెమ్మదిని అలాగే చూపించు, చూసేవాళ్లు ఊపిరి బిగబట్టి చూస్తారు. అలాగే, ఆమ్లపు ద్రావణంలో ఆడే ఈ జెల్‌ని రేపే గుండెలో పెట్టేస్తారన్న ఆఖరి పేరా పూర్తిగా తీసెయ్.

తిరగరాశాక ఇంట్లో ఎవరికైనా పైకి చదివి వినిపించు. వాళ్లు ఎక్కడ ఆపి "అదెలా?" అంటారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి, ఆ కాగితమే నాకు పంపు.

మీ అన్నయ్య