బెస్ట్ ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌లు ఏవి, ఏది పైన ఏది కింద అని ఎలా తేల్చుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: ఎలక్ట్రానిక్ మ్యూజిక్‌లో గొప్ప ఆల్బమ్‌లు ఏవని వెతికితే ఒక్కో లిస్టు ఒక్కోలా ఉంది, మీరు ఇప్పటిదాకా ఫెస్టివల్స్‌లో మోగే పాటలే విన్నారు, సొంతంగా ఒక లిస్టు రాసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని. పదిహేనేళ్లుగా నేనూ ఒక నోట్‌బుక్‌లో ఇలాంటి లిస్టు రాసుకుంటూ, కొట్టేస్తూ, మళ్లీ రాసుకుంటూ ఉన్నాను కాబట్టి నాకు అనుభవంలో తెలిసింది చెబుతాను.

ముందు ఒక సంగతి. ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నప్పుడు ఒక సీనియర్ అన్న పెన్‌డ్రైవ్‌లో క్రాఫ్ట్‌వెర్క్ వాళ్ల 'ట్రాన్స్-యూరప్ ఎక్స్‌ప్రెస్' (1977) ఇచ్చాడు. జర్మనీలో డ్యూసెల్‌డోర్ఫ్‌కి చెందిన గ్రూపు అది. ఫైల్ పేర్ల ముందు నంబర్లు లేవు. నా దగ్గరున్న ఎంపీత్రీ ప్లేయర్ ఏమో పాటలన్నీ ఇంగ్లిష్ అక్షరాల వరసలో పెట్టేసేది. అంటే ఆల్బమ్‌లో అన్నిటికన్నా చివర రావాల్సిన 'ఎండ్‌లెస్ ఎండ్‌లెస్' నాకు మొట్టమొదట వచ్చేది, మధ్యలో ఉండాల్సిన టైటిల్ పాట ఆఖర్న వచ్చేది. ఆ టైటిల్ పాట చివర్లో రైలు చక్రాల దరువు మంచి ఊపు మీద ఉండగా కత్తెర పెట్టి కోసినట్టు టక్కున ఆగిపోయేది. కాపీ చేసేటప్పుడు ఫైల్ పాడైందేమో అనుకున్నాను. దాదాపు రెండేళ్లు అలాగే విన్నాను, బాగుందిలే అనుకున్నాను, అంతే.

ఉద్యోగం వచ్చాక ఒకసారి విజయవాడ నుంచి సికింద్రాబాద్‌కి రాత్రి రైల్లో వస్తూ, ఫోన్లో సరైన వరసలో ఉన్న ఆల్బమ్ పెట్టుకున్నాను. టైటిల్ పాట చివరికొచ్చింది, ఇక్కడ ఆగిపోతుంది అనుకునేలోపు ఆగలేదు. అదే దరువు గ్యాప్ లేకుండా 'మెటల్ ఆన్ మెటల్'లోకి వెళ్లిపోయింది, ఇనుము మీద ఇనుము మోగుతున్నట్టు ఒక్కో దెబ్బా వచ్చి మీద పడుతోంది. బయట కాజీపేట దగ్గర బోగీ పట్టాలు మారుతూ కటకటలాడుతోంది, చెవుల్లో ఇది. చివర్లో 'ఫ్రాంజ్ షూబర్ట్' వచ్చేసరికి మొదటి పాటలో గలగలా పరిగెత్తిన సీక్వెన్సర్ (స్వరాలను ఒక వరసలో తనంతట తానే వాయించే మెషిన్) వరస మళ్లీ వినిపించింది, అంటే వాళ్లు బయల్దేరిన చోటికే తిరిగొస్తున్నారు. పై బెర్త్ మీద పడుకుని లేచి కూర్చున్నాను. రెండేళ్లు విన్న సంగీతాన్ని నేను అసలు వినలేదని అప్పుడు తెలిసింది.

అప్పటినుంచి లిస్టుకి నేను పెట్టుకున్న మొదటి పరీక్ష అదే. పాటల వరస మారిస్తే ఆల్బమ్‌కి ఏమైనా దెబ్బ తగులుతుందా? తగిలితే అది ఆల్బమ్. తగలకపోతే మంచి పాటల మూట, దానికి వేరే లిస్టు ఉండాలి. ఎన్ని కాపీలు అమ్ముడుపోయింది, ఎన్ని అవార్డులొచ్చాయి, ఎంతమందిని ప్రభావితం చేసింది అనేవి తెలుసుకోండి, ఆసక్తిగా ఉంటాయి, కానీ వాటితో ర్యాంకు ఇవ్వకండి. ఇదే 'ట్రాన్స్-యూరప్' మెలొడీ 1982లో న్యూయార్క్‌లో ఆఫ్రికా బంబాటా అనే డీజే పాట 'ప్లానెట్ రాక్'లోకి వెళ్లింది, అక్కడి నుంచి హిప్‌హాప్‌లో ఒక పెద్ద పాయ మొదలైంది. చరిత్రలో చాలా పెద్ద విషయం. నేను దాన్ని మొదటి స్థానంలో పెట్టింది మాత్రం ఆ రాత్రి విన్న 42 నిమిషాల కోసం.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి, ఎందుకంటే చాలా లిస్టుల్లో ఈ అన్యాయం కనిపిస్తుంది. క్లబ్బుల్లో డాన్స్ కోసం మోగే హౌస్, టెక్నో సంగీతాలు పుట్టింది అమెరికాలో, షికాగో, డెట్రాయిట్ నల్లజాతి కుర్రాళ్ల చేతుల్లో. వాళ్లు ఎక్కువగా చేసింది పన్నెండంగుళాల సింగిల్ రికార్డులు (ఒకటి రెండు పాటలే ఉండేవి), ఎందుకంటే డీజేలకు కావాల్సింది అవే. షికాగోలో ఫ్యూచర్ గ్రూపు 'యాసిడ్ ట్రాక్స్', డెట్రాయిట్‌లో డెరిక్ మే 'స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్' రెండూ 1987వే, రెండూ సింగిల్సే. మీరు ఆల్బమ్‌లు మాత్రమే లెక్కేస్తే ఈ మూలపురుషులంతా లిస్టు బయటే ఉండిపోతారు, లోపల యూరప్ వాళ్లే మిగులుతారు. అందుకే నా నోట్‌బుక్‌లో సింగిల్స్‌కి వెనక పేజీ నుంచి ఇంకో లిస్టు ఉంది, మీరూ అలాగే పెట్టుకోండి. డెట్రాయిట్ నుంచి పూర్తిస్థాయి ఆల్బమ్ కావాలంటే డ్రెక్సియా వాళ్ల 'నెప్ట్యూన్స్ లెయిర్' (1999) వినండి. సముద్రం అడుగున ఒక నాగరికత ఉందని ఊహించుకుని చేసిన సంగీతం, విడిగా ఒక పాట వింటే ఆ లోకం కనపడదు.

సరే, నా లిస్టు. రెండో స్థానం బరియల్ 'అన్‌ట్రూ' (2007). దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. మొదటిసారి ల్యాప్‌టాప్ స్పీకర్లలో విన్నాను, ఏదో సన్నగా గొణుగుతున్నట్టుంది, పది నిమిషాల్లో ఆపేశాను. నెలల తర్వాత ఆఫీసు నుంచి రాత్రి రెండింటికి క్యాబ్‌లో వస్తున్నప్పుడు మంచి హెడ్‌ఫోన్స్‌లో పెట్టాను, వర్షం పడుతోంది. అప్పుడు తెలిసింది, ఆల్బమ్ లోపల కూడా వర్షమే. పాత రికార్డు చిటపటలూ వానచప్పుడూ కలిసిపోయి ఉంటాయి, డ్రమ్స్ ఎక్కడో తాళాలగుత్తి కింద పడ్డట్టు టిక్కుమంటాయి, ఆడగొంతా మగగొంతా చెప్పలేని స్వరాలు సగం మాటలో ఆగిపోతాయి. లండన్‌లో ఉండే ఈయన దీన్ని సౌండ్ ఫోర్జ్ అనే మామూలు ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేశాడు. బీట్లను గళ్లలో పెట్టి సరిచేసే సీక్వెన్సర్ అందులో లేదు, తెరమీద తరంగాల ఆకారం చూసి కంటి అంచనాతో అతికించాడు. అందుకే ఆ దరువు మెషిన్‌లా సమానంగా నడవదు, మనిషి నడకలా కాస్త తొట్రుపడుతుంది. 'ఆర్చేంజెల్' ఒక్కటే తీసి విన్నా బాగుంటుంది, కానీ ముందూ వెనకా ఉన్న ఆ రాత్రి అంతా కలిస్తేనే ఏడుపొస్తుంది. నాకు వచ్చింది.

మూడోది అఫెక్స్ ట్విన్ 'సెలెక్టెడ్ యాంబియెంట్ వర్క్స్ 85-92'. పేరులోనే 'ఎంపిక చేసినవి' అని ఉంది, నా పరీక్ష ప్రకారం ఇది తప్పాలి. ఎన్నిసార్లు విన్నా 'ఎక్స్‌టాల్' మొదలైన క్షణం నుంచి ఒకే గదిలో ఉన్నట్టుంటుంది, క్యాసెట్ టేపు మసకదనం అన్నిటి మీదా ఒకేలా పరుచుకుని ఉంటుంది. షఫుల్‌లో పెట్టి కూడా చూశాను, దెబ్బ తగిలింది. కాబట్టి పాసైంది.

నాలుగోది చాలామంది లిస్టుల్లో ఉండదు, మనం మాత్రం తప్పక వినాలి. చరణ్‌జిత్ సింగ్ 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్' (1982). బాంబే సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన మనిషి, రోలాండ్ కంపెనీ మెషిన్లు మూడు, అంటే జూపిటర్-8 సింథసైజర్, టీఆర్-808 డ్రమ్ మెషిన్, బేస్ వాయించే టీబీ-303 పెట్టుకుని పది హిందుస్తానీ రాగాలు వాయించాడు. హెచ్‌ఎంవీ విడుదల చేసింది, ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం నోరెళ్లబెట్టింది, ఎందుకంటే షికాగోలో 'యాసిడ్ ట్రాక్స్' లాంటి యాసిడ్ హౌస్ పాటల్లో వచ్చిన అదే 303 శబ్దం ఇందులో ఐదేళ్ల ముందే ఉంది. షికాగో వాళ్లు ఇది విని చేసింది కాదు, వేరుగా అదే చోటికి చేరారు.

ఒకసారి సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు బ్లూటూత్ స్పీకర్లో ఇది పెట్టాను. మా పిన్ని చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. వంటింట్లో అరిసెల పిండి కలుపుతూ, 'భూపాలి' మొదలైన కాసేపటికే "ఇది మోహనం కదరా, ఎవరు వాయిస్తున్నారు?" అంది. మెషిన్ అని చెప్పాను. చేతులకు పిండితోనే వచ్చి స్పీకర్ ముందు నిలబడి చివరిదాకా విని, "గమకం లేదు గానీ, కింద ఆ జారుడు ఉంది చూడు, అది పట్టుకున్నాడు" అంది. ఆమె చెప్పిన జారుడు 303దే, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడానికి ఆ మెషిన్‌లో ప్రత్యేకంగా స్లైడ్ ఉంటుంది. నేను ఎన్నో వ్యాసాలు చదివి తెలుసుకున్నది ఆవిడ ఐదు నిమిషాల్లో చెవితో పట్టేసింది. 'మాల్‌కౌంస్' వచ్చేసరికి "హిందోళం" అని పైకే అనేసి మళ్లీ పిండి దగ్గరకెళ్లింది. పాటల వరస మార్చినా ఈ ఆల్బమ్‌కి పెద్ద నష్టం లేదని ఒప్పుకుంటాను. అయినా దాన్ని నాలుగు నుంచి కిందకి దించలేను.

ఐదు, బోర్డ్స్ ఆఫ్ కెనడా 'మ్యూజిక్ హాజ్ ది రైట్ టు చిల్డ్రన్' (1998). పేరులో కెనడా ఉన్నా వాళ్లు స్కాట్లాండ్ అన్నదమ్ములు. అరిగిపోయిన క్యాసెట్‌లో స్వరం కాస్త వంకర తిరుగుతుంది చూడండి, ఆ వంకరే వీళ్ల సంగీతం. ఆరు, ఇందాక చెప్పిన డ్రెక్సియా. ఏడు, మాసివ్ ఎటాక్ 'మెజనైన్' (1998). ఎనిమిది, డాఫ్ట్ పంక్ 'డిస్కవరీ' (2001). ఇది నాకు ప్రాణం, కాలేజీ రోజుల్లో లెక్కలేనన్నిసార్లు విన్నాను. కానీ మొదటి నాలుగు పాటలూ నాలుగు హిట్లు, ఏ వరసలో పెట్టినా హిట్లే. నిజాయితీగా చూస్తే నా పరీక్షలో దీనికి ఎనిమిదే వస్తుంది. మీది వేరే పరీక్ష అయితే ఇదే మొదటిది కావచ్చు, ఫెస్టివల్ పాటల నుంచి వస్తున్న మీకు అన్నిటికన్నా దగ్గరి దారి కూడా ఇదే.

ర్యాంకులు ఇచ్చే పద్ధతి అడిగారు కదా. పదికి మార్కులు వేయకండి, నేను వేసి చూశాను, అన్నిటికీ ఎనిమిదిన్నర వస్తుంది. ఎప్పుడూ రెండే తీసుకోండి. ఈ రెండింటిలో ఒకటి ఇక జీవితంలో వినకూడదంటే ఏది వదిలేస్తారు? కొత్త ఆల్బమ్ వచ్చినప్పుడు కింద నుంచి ఒక్కోదానితో ఇలా పోటీపెట్టుకుంటూ పైకి తీసుకెళ్లండి, ఎక్కడ ఆగితే అదే దాని చోటు. ఒకసారి వినగానే చేయకండి. మొత్తం వరసగా విని, ఒక నెల వదిలేసి, ఏం గుర్తుందో కాగితం మీద రాసి, మళ్లీ విన్నాక చేయండి. పక్కన తేదీ వేసుకోండి. నా నోట్‌బుక్‌లో 'అన్‌ట్రూ' పక్కన మొదట '14' అని ఉంది, దాన్ని కొట్టేసి '9', దాన్నీ కొట్టేసి '2'.

ఇంకో విషయం, ఫోన్ స్పీకర్లో విని ఏ ఆల్బమ్‌నీ కొట్టేయకండి. ఈ సంగీతంలో సగం బేస్‌లో ఉంటుంది, అది చిన్న స్పీకర్లో అసలు మోగదు. ఖరీదైనవి అక్కర్లేదు, చెవిని పూర్తిగా కప్పే మామూలు వైర్ హెడ్‌ఫోన్స్ చాలు. స్ట్రీమింగ్ యాప్‌లో షఫుల్ ఆపేసి, పాటకీ పాటకీ మధ్య గ్యాప్ రాకుండా ఉండే సెట్టింగ్ ఆన్ చేసుకోండి. ఒక పాటని ఇంకో పాటలోకి కలిపేసే క్రాస్‌ఫేడ్ ఉంటే అదీ ఆపేయండి.

ఈ వారం 'డిస్కవరీ' ఒకసారి, 'ట్రాన్స్-యూరప్ ఎక్స్‌ప్రెస్' ఒకసారి వినండి. ఊరెళ్లే పని ఏదైనా ఉంటే రెండోదాన్ని రైలు కోసం దాచుకోండి, కిటికీ పక్క సీటు దొరికితే ఇంకా మంచిది. విన్నాక ఏది పైన పెట్టారో కింద రాయండి, 'డిస్కవరీ'ని పైన పెట్టి ఎందుకో చెప్పేవాళ్ల మాట వినాలని నాకు చాలా ఉంది.